సుబేదారు కంటే ముందు గడప దాటనన్న కన్ను

ప్రతి బుధవారం కంఠేశ్వర్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో మాజీ సైనికులకు సాయం చేస్తుంటాను. సాయమంటే ఫైళ్లు మోయడం, కళ్లలో చుక్కలు వేయించుకున్నవాళ్లు గోడలను ఢీకొనకుండా చూడడం, ఆపరేషన్ గది దాకా చక్రాల కుర్చీ నెట్టడం. ఇంట్లో సొంత కళ్లజోడు వెతుక్కోలేని మనిషికి ఈ పని ఎవరిచ్చారని మా ఆవిడ అడుగుతుంది. ఎవరూ ఇవ్వలేదు, నేనే వెళ్లి తగులుకున్నాను.

ఒక బుధవారం వర్ని వైపు నుంచి రిటైర్డు హవల్దారు ఒకాయన వచ్చారు. మీసం నిజాంసాగర్ కాలువంత వెడల్పు, రెండు చివరలా తూములు పెట్టొచ్చు. గొంతు విప్పితే మందుల షాపులో సీసాలు సావధాన్‌లో నిలబడతాయి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఇంకో వారం ఆగితే అదీ దక్కకపోవచ్చని డాక్టరమ్మ చెప్పేసింది. ఆమె వచ్చేది వారానికొక్కసారి, అదీ మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత బోధన్ వెళ్లిపోతుంది.

"సాసర్ల పోసుకోమంటే చాయ్ నా ఒళ్లె పోస్తున్నడు బిడ్డా. ఇయ్యాల ఎట్లనన్న చేపియ్యి," అంది ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని.

"నువ్వు ఫికర్ చెయ్యకవ్వా," అన్నాను, ఆపరేషన్ నేనే చేస్తున్నంత ధీమాగా.

నర్సు హవల్దారును పిలిచింది. ఆయన లేచారు. సరిగ్గా అప్పుడే ఎదుటి బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆసుపత్రి పునాదులు కదిలే దగ్గు. హవల్దారు బిగుసుకుపోయారు.

"గా దగ్గు మా సుబేదార్ సాబ్‌ది!" అని ఫెళ్లున సెల్యూట్ కొట్టారు, మంచినీళ్ల కూలరుకు.

దగ్గినాయన నిజంగానే పాత కంపెనీ సుబేదారు. ఇప్పుడు ఏర్గట్లలో పసుపు పండిస్తున్నారు. ఆయనా శుక్లం ఆపరేషన్‌కే వచ్చారు, వంతు హవల్దారు వెనక. చుక్కలతో చూపు అలుక్కుపోయి, ఆయన బదులు సెల్యూట్‌ను గోడకున్న మంటలార్పే సిలిండరుకు కొట్టారు. ఇద్దరూ పరమానందంగా నిలబడ్డారు. కూలరూ, సిలిండరూ కూడా గర్వంగానే కనిపించాయి.

"పో హవల్దార్, పిలుస్తున్నరు," అన్నారు సుబేదారు.

"మీరుండంగ నేను ముంగట తలుపు దాటుడా? మీరు నడువుండ్రి సాబ్."

"అరే, ముంగట జవాన్లు తినాలె, ఆకర్న సుబేదార్ తినాలె. మర్చినవా?"

"తినుడు వేరే సాబ్, తలుపు వేరే."

"ఇది నా ఆర్డర్!"

"రిటైరైనంక ఆర్డర్ చెల్లదు సాబ్. ఇజ్జత్ చెల్తది."

నర్సు మళ్లీ పిలిచింది. గడియారం వంక చూసింది. ఈ దేశ సరిహద్దులన్నీ ఇంత గట్టిగా ఎందుకున్నాయో నాకప్పుడర్థమైంది.

అవ్వ సుబేదారు ముందుకెళ్లి నిలబడింది. "అయ్యా, నువ్వన్న లోపటికి పోరాదు? నీ ఎనక ఆయినొస్తడు."

సుబేదారు బెంచీ చెయ్యిని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, దాన్ని విడిపించాలంటే వడ్రంగి రావాలి. నా చెవిలో మాత్రం మెల్లగా అడిగారు: "తమ్మీ, కంట్ల సూది పొడుస్తరట గదా?" తూటాల మధ్య తిరిగిన మనిషి!

"పొద్దటి సంది కూసున్నరు సాబ్. ఈ కుర్చీల ఎక్కుండ్రి, చాయ్ దాకా పోయొద్దాం," అన్నాను. ఆసుపత్రి నుంచి బయటపడే మాట వినగానే ఆయన ఎగిరి చక్రాల కుర్చీలో కూర్చున్నారు. నేను పిడి పట్టుకోబోతే హవల్దారు నన్ను మోచేత్తో పక్కకు తోశారు. "మా సాబ్ కుర్చీ సివిల్ మనిషి నూకుతడా?"

కూర్చున్నాయనకు కనిపించదు, తోసేవాయనకు కనిపించదు. ఇక దారి నా నోట్లో ఉంది. "సీదా! దాయా! బస్, బాయా!" అని కుడీ ఎడమా అరుస్తూ గేటుకు బదులు ఆపరేషన్ గది వైపు తిప్పాను. దారిలో చెప్పుల వరస చెల్లాచెదురైంది. ఎవరిదో పళ్ల బుట్ట బోర్లాపడి నారింజలు స్వేచ్ఛ పొందాయి. తలుపు రెక్కలు తెరుచుకుని మమ్మల్ని మింగేశాయి.

"చాయ్ కాడ గీ స్పిరిట్ వాసనేంది?" అన్నారు సుబేదారు.

హవల్దారు ముక్కు ఎగబీల్చారు. మీసం మొత్తం విచ్చుకుంది. "సాబ్! మీరే ముంగట అచ్చిండ్రు. మీ ఎనకనే నేను. ఇగ ఆపరేషన్ అంటరా, అది తినుడు లెక్క. జవాను ముంగట!" అని నర్సు చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి నడిచారు.

ఆపరేషన్ గదివాళ్లు సుబేదారుకు, నాకు కలిపి ఒకే తిట్టు పెట్టి బయటికి గెంటేశారు. ఆ కాసేపూ ఆయన కుర్చీలోంచి నన్ను మళ్లీ మళ్లీ అదే అడిగారు: "అరుస్తుండా? ఇను, అరుస్తుండా?" అవ్వ మాత్రం కొంగు కొస నోట్లో కుక్కుకుని తలుపునే చూస్తూ నిలబడింది.

హవల్దారు పట్టీతో బయటికొచ్చి, "చీమ కుట్టినంత గూడ లేదు సాబ్," అన్నారు. సుబేదారు కళ్లు గట్టిగా మూసుకుని, "నూకు తమ్మీ, నా మనసు మారకముందే," అన్నారు.

మర్నాడు పొద్దున, బుధవారం కాకపోయినా, నేనూ వెళ్లాను. నర్సు పట్టీ విప్పి, హవల్దారు ముందు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగింది. ఆయన వేళ్ల పక్కనుంచి వెనక్కి చూస్తున్నారు.

"ఏమే, గింత బక్కగైనవేంది?"

"ఎప్పటి సందో బక్కగనే ఉన్న," అంది అవ్వ. "నువ్వే సూస్తలేవు."