ఖాళీ పిస్టల్‌ను నూట నలభై ఎనిమిది సార్లు

ఏప్రిల్ 3, ఉదయం 11.40. నడికుడి స్టేషన్‌లో మమ్మల్ని ఎక్కించుకున్న లారీ రెంటచింతల దాటి ఏడు కిలోమీటర్లు పోయి, నాపరాయి తవ్వి వదిలేసిన ఒక క్వారీ ముందు ఆగింది. నీడలో నలభై ఒక్క డిగ్రీలు. దిగినవాళ్ళం తొమ్మిది మంది ఆడవాళ్ళం. దించినవి మడత మంచాలు తొమ్మిది, ఇనప పెట్టెలు ఆరు, తూటాల పెట్టెలు నాలుగు, నీళ్ళ డ్రమ్ములు రెండు. ఒక డ్రమ్ముకు చిల్లు ఉంది. ఆ సంగతి దించాక తెలిసింది.

నేను కేంద్ర బలగం మహిళా దళంలో ఆర్మరర్‌ని. ఆయుధాలను శుభ్రం చేసి, మరమ్మతు చేసి, లెక్క చూసే మనిషిని. అప్పటికి ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, అందులో ఇరవై ఆరేళ్ళు ఈ పనే. జూలై 31న రిటైర్మెంటు. ఆఖరి డ్యూటీ సొంత జిల్లాలో పడింది. శావల్యాపురంలో మా ఇల్లు అక్కడికి నూరు కిలోమీటర్ల లోపే. డెబ్బై ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా గడప తొక్కలేదు.

ఆర్డరు చిన్నది. అయిదుగురు షూటర్లకు ఇక్కడ తర్ఫీదు. జూన్ 14న ఎంపిక. అందులో ముగ్గురు దళం టీంలోకి వెళతారు. మిగతా ఇద్దరు బలగంలోని తమ తమ కంపెనీలకు తిరిగి వెళతారు. క్వారీని ఎంచుకోవడానికి కారణం దాని గోడలు. మూడు వైపులా ఇరవై అడుగుల రాయి. తూటా బయటికి పోదు. ఎండ కూడా బయటికి పోదని రెండో రోజుకే అర్థమైంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు కాల్పులు. మధ్యలో రాతిమీద చెయ్యి పెట్టలేం.

నాలుగో వైపు గట్టుమీద ఎర్రజెండా, దానికింద ఒక కాపలా మనిషి, ఆమె చేతిలో వైర్‌లెస్ సెట్టు. మొదటివారం సెట్టులో వినపడిన మాటలు ఎక్కువగా ఇవి:

"రేంజ్, ఇది ఫ్లాగ్ పోస్ట్. కాల్పులు ఆపండి. మేకలు."

"ఎన్ని?"

"నలభై దాకా ఉంటయ్. ఎనకాల తాత. జెండా చూపిస్తే, 'నా మేకలకేం తెలుసు మీ జెండా సంగతి' అంటన్నాడు."

"దాటాక చెప్పు."

"దాటట్లా. కూర్చుని చుట్ట ముట్టించాడు. ఓవర్."

ఏప్రిల్ 9న కొత్త పిస్టల్ వచ్చింది. విదేశంలో తయారైన టార్గెట్ పిస్టల్, పాయింట్ టూ టూ. ఖాళీగా బరువు 970 గ్రాములు. మ్యాగజైన్‌లో అయిదు తూటాలు. నీలం రంగు పెట్టె, 64 పేజీల పుస్తకం. అందుకున్నట్టు సంతకం నాది. దళానిది అయినా, సంతకం పెట్టిన రోజు నుంచి అది నాదే అన్నట్టు చూసుకున్నాను.

ఈ తూటా సంగతి ఒకటి చెప్పాలి. సర్వీసు తుపాకుల తూటాకు అడుగున నడిమధ్య మంటమందు ఉంటుంది. తుపాకి లోపలి పిన్ను వచ్చి అక్కడ పొడుస్తుంది. ఈ చిన్న తూటాకు మంటమందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. కాబట్టి పిన్ను అంచును కొడుతుంది. ఇంతే తేడా.

పిస్టల్‌ను మూడో నంబరు షూటరుకు ఇవ్వమన్నారు. మిగతా నలుగురివి పాత రకం, బాగానే ఉన్నాయి. ఆమెది అరిగిపోయింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, పెదకూరపాడు పక్క పల్లె. ఫైరింగ్ లైను మీద నన్ను మేడం అనేది, వంటగుడారంలో పెద్దమ్మా అనేది. ఆమెకు ఇది రెండో ప్రయత్నం. రెండుకు మించి ఇవ్వరు. టీంలో చోటొస్తే హెడ్ కానిస్టేబుల్ అవుతుంది. రాకపోతే మళ్ళీ గేటు కాపలా, ప్రమోషనుకు మళ్ళీ ఆరేళ్ళు.

"ఏంది మేడం ఈ పిడి? రోకలి పట్టుకున్నట్టుంది," అంది మొదటిరోజు.

నిజమే. చెక్కపిడి పెద్ద మగచేతికి చేసింది. ఏప్రిల్ 15న పిడి ఒక్కదాన్ని విప్పి, ఆమె చెయ్యి బంకమట్టిలో నొక్కించి ఆ అచ్చు తీసుకుని, నరసరావుపేటలో మస్తాన్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. అచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నలభై ఏళ్ళ నుంచి చెక్కతో కుర్చీలు చేశా, మంచాలు చేశా. చేతికి చొక్కా కుట్టమన్నది నువ్వేనమ్మా."

"పిల్ల చెయ్యి. వేలికీ చెక్కకీ మధ్య సందు ఉండకూడదు."

"దీన్ని దేనికి తగిలిస్తరు?"

"పిస్టల్‌కి."

ఆకురాయి కిందపెట్టాడు. "పల్నాట్లో ఆడమనిషి పిస్టల్‌కి పిడి చేశానని ఎవరికన్నా చెప్తే నమ్ముతారా? నన్ను ముందు స్టేషన్‌కి పిలుస్తరు."

మా బలగం ఇచ్చిన ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివించుకుని పని మొదలుపెట్టాడు. బొటనవేలి కింద నాలుగు మిల్లీమీటర్లు తీశాడు, అరచేతి వైపు చెక్కపొడి, బంక కలిపి రెండు మిల్లీమీటర్లు ఎత్తాడు. మూడుగంటల పది నిమిషాలు పట్టింది.

తర్వాత ముందరి సైటు, అంటే గొట్టం కొసన గురి చూసే పలక, మార్చాను. తెల్లరాయి మెరుపుకు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుది కనపడటం లేదని నాలుగున్నరది బిగించాను. ట్రిగ్గర్ కనీసం కిలో బరువు మోయాలని పోటీ నియమం. రెంటచింతల కిరాణా కొట్టులోంచి ముద్ర ఉన్న కిలో రాయి అరువు తెచ్చి, తీగతో ట్రిగ్గర్‌కు వేలాడదీసి చూశాను. మోసింది. రోజూ నూనె ఒక చుక్క, ఎక్కువైతే రాతిదుమ్ముతో కలిసి ముద్ద అవుతుంది. గొట్టం తుడవడానికి వెనకవైపు నుంచే గుడ్డ లాగాలి. ఇవన్నీ పుస్తకం చూసి, డిక్షనరీ పెట్టుకుని చదివి చేశాను.

పుస్తకంలో ఒక్క అధ్యాయం చదవలేదు. 'భద్రత' అన్నది. ఇరవై ఆరేళ్ళు భద్రత నేర్పినదాన్ని, నాకు ఇంకొకరు నేర్పేదేముందని తిప్పేశాను.

మా డ్రిల్లు ఇది. ఆయుధం చేతులు మారిన ప్రతిసారీ మ్యాగజైన్ తియ్యాలి. స్లైడు, అంటే పైన ముందుకీ వెనక్కీ జారే ఉక్కు భాగం, రెండుసార్లు వెనక్కి లాగాలి. లోపల కళ్ళతో చూడాలి, చిటికెనవేలితో తడమాలి. స్లైడు వదలాలి. మట్టిగట్టు వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. 'టిక్' అంటే ఖాళీ. ఆ చప్పుడు వినకుండా నేను ఏ ఆయుధాన్నీ కోత్‌లో, అంటే మా ఆయుధాల గదిలో, పెట్టలేదు. పొద్దున ఇచ్చేటప్పుడు ఒకటి, తీసుకునేటప్పుడు ఒకటి. సాయంత్రం మళ్ళీ రెండు. రోజుకు నాలుగు.

మే 19న పేలిన తూటా ఖాళీ గుల్ల ఒకటి బయటపడకుండా లోపలే ఇరుక్కుంది. ఇరవయ్యోతేదీ రెండు. ఇరవై ఒకటిన మూడు. ఇరవై రెండు పొద్దున అయిదు. రోజుకు అరవై తూటాల్లో ఇది.

మొదట దుమ్మన్నాను. విప్పి కడిగాను. తర్వాత తూటాలన్నాను. వేరే పెట్టె తెరిచాను. రెండూ కాకపోయేసరికి, ఇలాంటివి జరిగితే ఎవరైనా అనే మాటే నేనూ అన్నాను. చెయ్యి వదులైతే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు, గుల్ల బయటపడదు.

"మణికట్టు వదులుతున్నావు. బిగించి పట్టుకో."

"బిగించే పట్టుకున్నా మేడం."

"బిగిస్తే ఎందుకు ఇరుక్కుంటుంది?"

ఆమె పిస్టల్ బల్లమీద పెట్టి ఒకడుగు వెనక్కి నిలబడింది. నియమం అదే.

కమాండర్ మేడం ఉత్తరాదివారు, హిందీలో మాట్లాడతారు. ఆ రోజు తొమ్మిదీ నలభైకి అందరిముందూ చెప్పారు. "మూడో నంబరు మణికట్టు బలహీనంగా ఉంది. సాయంత్రం అయిదింటికి ఎంపికకు వెళ్ళేవాళ్ళ జాబితా పంపుతాను. అందులో ఆమె పేరుండదు." రిజిస్టరులో కూడా ఆ మాటే రాశారు. మణికట్టు బలహీనం. ఆ మాట ఒకసారి కాగితం ఎక్కితే ఇంకే పోటీకీ పిలవరు.

పదకొండున్నరకు ఆమె వంటగుడారం వెనక నాపరాతి పలకమీద కూర్చుని ఉంది. ముందు ఖాళీ గుల్లలు వరసగా నిలబెట్టింది.

"మేడం, ఒకసారి ఇటొచ్చి చూడండి."

ఫైరింగ్ లైను మీద కాదు, అయినా మేడం అంది. నేను అప్పుడు గమనించలేదు.

ఇరుక్కున్న గుల్లలు పదకొండు. ఒక్కొక్కదాన్ని వేలితో తిప్పి, ఒకే వైపు నా ముఖానికి పెట్టింది. ప్రతి దానికీ ఒకే గీత. పిన్ను పొడిచిన గుర్తుకు సరిగ్గా కింద, ఇత్తడి గీసుకుపోయింది. వరస చివర పన్నెండోది వేరుగా పెట్టింది. దానికి గీత లేదు.

"ఇదేంటి?"

"ఏప్రిల్ పదిన ఫస్ట్ కాల్చింది. గుర్తుగా పర్సులో పెట్టుకున్నా."

గదికి వెళ్ళి పిస్టల్ విప్పాను. ఫోను కెమెరా దగ్గరగా పెట్టి, తూటా కూర్చునే రంధ్రం అంచును పెద్దది చేసి చూశాను. అంచుమీద చిన్న సొట్ట. అక్కడి ఉక్కు లోపలికి పొంగి గుల్లను పట్టుకుంటోంది. లోపల తూటా ఉంటే పిన్ను దాని అంచును కొట్టి ఆగుతుంది. తూటా లేకపోతే నేరుగా ఉక్కు అంచును కొడుతుంది. పాత నాలుగు పిస్టళ్ళలో పిన్ను అంతదూరం రాదు. దీనిలో వస్తుంది.

పుస్తకం తెరిచాను. పదకొండో పేజీ, నేను తిప్పేసిన 'భద్రత'. లోపల ఏమీ లేకుండా ట్రిగ్గర్ నొక్కవద్దని నల్లటి గీత కింద అచ్చువేసి ఉంది.

లెక్క వేశాను. ఏప్రిల్ 10 నుంచి మే 22 పొద్దుటి వరకు నలభై మూడు రోజులు. ఆదివారాలు ఆరు పోతే ముప్పై ఏడు. ఆఖరిరోజు సాయంత్రం డ్యూటీ ఇంకా జరగలేదు, అయినా మధ్యాహ్నం నేను అనుమానంతో విప్పేముందు ఒకసారి, బిగించాక ఒకసారి నొక్కాను. రోజుకు నాలుగు చొప్పున నూట నలభై ఎనిమిది. ఆ రెండు నొక్కులు కూడా అలవాటే. తప్పు వెతకబోతూ కూడా అదే తప్పు చేశాను.

పన్నెండింటికి కమాండర్ మేడం ముందు నిలబడ్డాను. ఆమె పిస్టల్ చూశారు, పేజీ చూశారు, నన్ను చూశారు.

"మీ రికార్డులో ఒక్క ఎర్రగీత లేదు. ఇంకా డెబ్బై రోజులు. దుమ్మువల్ల అని రాయండి. నేను సంతకం పెడతాను."

"దుమ్మని రాస్తే ఆ పిల్ల మణికట్టు సంగతి మేడం?"

"అది వేరే కాగితం."

"కాదు మేడం. రెండూ ఒకటే."

రిపోర్టు తెలుగులో ఆలోచించి హిందీలో రాశాను. తేదీలు, సార్లు, పేజీ నంబరు, చివర నా పేరు. ఒక వాక్యం రెండుసార్లు రాశాను, పొరపాటున కాదు: షూటరు మణికట్టులో లోపం లేదు. నాలుగూ యాభైకి రిజిస్టరులో పాతమాట కొట్టేసి, పక్కన నా రిపోర్టు నంబరు వేశారు. జాబితాలో అయిదు పేర్లు వెళ్ళాయి.

మరమ్మతుకు డిపో నుంచి మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. కోసుగా ఉండే ఒక ఉక్కు కడ్డీ తెచ్చాడు. రంధ్రంలో పెట్టి, తిప్పుతూ, పొంగిన ఉక్కును వెనక్కి నెట్టాడు. నాలుగు నిమిషాల పని. ఆ తొమ్మిది రోజులు ఆమెకు తూటా కాల్చే వీలు లేదు. మాచర్ల హార్డ్‌వేర్ కొట్టునుంచి గోడకు స్క్రూలు బిగించేటప్పుడు వాడే పసుపురంగు ప్లాస్టిక్ ప్లగ్గులు తెప్పించాను. తూటా స్థానంలో ఒకటి పెడితే పిన్ను దాన్ని కొడుతుంది. అలా ఖాళీ గురి సాధన చేసింది. నా డ్రిల్లులో కూడా ఆ ప్లగ్గు చేరింది.

జూన్ 14. పొద్దున ఆరూ పదికి మొదలు. అరవై తూటాలు, ఒక్కటీ ఇరుక్కోలేదు. మూడో స్థానానికి 563. ఆమెకు 561.

రెండు పాయింట్లు. తొమ్మిది రోజులు. ఈ రెంటినీ నేను చాలాసార్లు పక్కపక్కన రాసి చూశాను. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయడానికి లెక్క లేదు.

ఆయుధంలో లోపం కాగితం మీద ఉంది కనుక ఈ ప్రయత్నం లెక్కలోకి రాదన్నారు. ఇంకొక అవకాశం ఉంటుంది. నా రికార్డులో ఎర్రగీత పడింది.

జూన్ 16, మధ్యాహ్నం రెండు. లారీ ఎక్కేముందు పిస్టల్ అప్పగించింది. మ్యాగజైన్ తీసింది, స్లైడు లాగింది, చూపించింది, పసుపు ప్లగ్గు పెట్టి నొక్కింది. టిక్. అప్పుడు అడిగాను.

"ఆ గుల్లల సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"ఇరవయ్యోతారీకే."

"రెండు రోజులు నోరెత్తలేదేమే?"

"ఎట్టా ఎత్తేది పెద్దమ్మా? నేను చెప్తే సాకంటారు. మీరు చెప్తే రిపోర్టంటారు."

"నేను చెప్పకపోతే?"

బ్యాగు భుజానికి తగిలించుకుంది. "గుల్లలు నిలబెట్టింది అందుకే. మీరు చెప్తారో లేదో చూద్దామని."

జూలై 31న పదవీ విరమణ. ఆగస్టు 2న శావల్యాపురంలో బస్సు దిగాను. పక్కింటి కోడలు మొదట అడిగింది, "అత్తా, అంతకాలం తుపాకులతో ఉన్నావు గదా, ఎవరినన్నా కాల్చావా?" లేదన్నాను. ఆమెకు నిరాశ కలిగింది. నా చేతివల్ల దెబ్బ తిన్నది ఒక పిల్ల ఏడాది అని చెబితే, ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నాకు రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొన్న ఏప్రిల్‌లో మూడో నంబరు ఫోను చేసింది. మళ్ళీ పిలుపు వచ్చిందట. ఎంపిక జూన్‌లో. కొత్త ఆర్మరర్ ప్లగ్గు పెడుతున్నాడా అని అడిగాను. "పెట్టిస్తన్నా," అంది.

నాకు క్వారీ గోడలు గుర్తురావడం తగ్గింది. ఎండ కూడా. పగలు పదకొండున్నరకు, మా వరండాలో నాపరాతి బండమీద ఎండ పడినప్పుడు మాత్రం అవి కనపడతాయి. పన్నెండు ఇత్తడి గుల్లలు వరసగా. ఒక వేలు ఒక్కొక్కదాన్నీ మెల్లగా తిప్పి, గీత ఉన్న వైపు నాకు పెడుతోంది. ఆ వేలుగల మనిషి గుల్లలకేసి చూడటం లేదు. నాకేసి చూస్తోంది.