పసుపు ఇస్తారి కాదన్న రోజు

ఒమాన్ దేశంలోని రైసూత్‌లో మన తెలుగు కూలీలుండే క్యాంపుకు ఇస్తారి వంటమనిషి. ఆర్మూరు దగ్గర పసుపు పండించే ఇంట పుట్టాడు. సెలవుకు వెళ్లినప్పుడల్లా సొంత చేలో పండిన కొమ్ములు పట్టించి తెచ్చుకునేవాడు. సైట్‌లో ఎవరికి వేలు తెగినా పసుపు అద్దేవాడు, దగ్గొస్తే పాలలో కలిపి ఇచ్చేవాడు. అందరూ ‘పసుపు ఇస్తారి’ అని పిలుస్తుంటే మురిసిపోయేవాడు.

1994లో ఒక శుక్రవారం, భోజనాలయ్యాక, కడప వెల్డరు నసీరుద్దీన్ కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయాడు.

“ఇస్తారి భాయ్, పసుపు పాలు ఇయ్యి. నీ పసుపుతో తగ్గిపోతాది.”

ఇస్తారి పాలు పొయ్యి మీద పెట్టి అడిగాడు. “నొప్పి యాడుంది?”

“పొట్ట పైన. ఈపులోకి పొడుస్తాండాది.” అంటూనే వాంతి చేసుకున్నాడు.

ఇస్తారి స్టవ్ ఆపేశాడు. “పాలొద్దు, ఏమొద్దు. దవాఖానకు నడువు.”

“నువ్వే గట్లంటే ఎట్లనే? గ్యాస్ కావచ్చు,” అన్నాడు ఫోర్‌మన్ నర్సింగ్.

“మా పెద్దనాయినకు గిట్లనే లేసింది. మూడొద్దులు పసుపు పాలే తాపినం. దవాఖానకు తీస్కపోయేసరికి పాణం పోయింది. నా పసుపు ఏం జేస్తదో నాకెరుకే, ఏం జెయ్యదో గూడ ఎరుకే.”

నర్సింగ్ బండి తాళాలు అందుకున్నాడు. పికప్ తానే తోలాడు.

పక్కనున్న సలాలా పట్టణం ఆసుపత్రిలో తెలుగు డాక్టరమ్మ శ్రీవాణి పరీక్షలు చేయించింది. పిత్తాశయంలోంచి జారిన రాయి అడ్డుపడి క్లోమం వాచిందని తేలింది. నసీరుద్దీన్ తేరుకున్నాక ఇస్తారి ఆమెకు పసుపు పాలు ఆపేసిన సంగతి చెప్పి, ఆగలేక అడిగేశాడు.

“అమ్మా, మన పసుపు దీనికి పనికే రాదా?”

“వాపుకూ గాయానికీ మన పెద్దలు తరతరాలుగా వాడారు. పసుపు వాపు తగ్గించే తీరును ల్యాబుల్లో చూస్తున్నారు. క్లోమం జబ్బు మనిషికి దానితో నయమైందనడానికి మాత్రం ఇంకా రుజువు లేదు. కూరలో వేసుకోండి, మందనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఆ తేడా మీకు తెలుసు కాబట్టే ఇతను బతికాడు.”

ఇంతకుముందు ఏ చదువుకున్న మనిషీ ఇస్తారిని అలా మెచ్చుకోలేదు.

పిత్తాశయం తీసేసే ఆపరేషన్ అయ్యి వచ్చిన నసీరుద్దీన్‌కు నూనె లేని పప్పు తానే వండి పెట్టాడు. తర్వాతి నెల శ్రీవాణి క్యాంపుకు వచ్చి ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు అతన్ని పక్కన నిలబెట్టుకుంది. వీపులోకి పొడిచే నొప్పిని ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో ఇస్తారి మొదట తెలుగులో, తర్వాత మిగతావాళ్ల కోసం హిందీలో, తడబడకుండా చెప్పాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నసీరుద్దీనే.