సీటు కింద ఎర్ర టేపు

మోకాలి వంపు కొలిచి సైకిల్‌ను మనిషి ఒంటికి అమర్చే ఆ ఫిట్టర్‌కు మాట తక్కువ, చూపు ఎక్కువ. సీటు ఎత్తు కుదిరాక దాని గొట్టానికి ఎర్ర టేపు చుట్టి గుర్తు పెడతాడు. తనకు సైకిల్ నేర్పిన అన్న ఒకప్పుడు ఏకబిగిన మూడు వందల కిలోమీటర్లు తొక్కినవాడు. జబ్బుతో కాలు పుల్లలా అయిపోతున్నా ఏటా వచ్చి ఒకటే మాట అనేవాడు: "నా పాత ఎత్తేరా, మార్చకు." తమ్ముడు చాటుగా వేలి మందం సీటు దించి, టేపు విప్పి కొత్తచోట చుట్టేవాడు. "సీటు పాత గుర్తు దగ్గరే ఉందన్నా" అనేవాడు, తలెత్తకుండా.

ఈసారి అన్న గోడ పట్టుకుని వచ్చాడు. సీటెక్కబోయి, ఎక్కలేక, దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఇంకాస్త దించరా," అన్నాడు నెమ్మదిగా. "టేపు కూడా మార్చు, ఎప్పట్లాగే."