యాదగిరి లేని పెనాల్టీ

అమీర్‌పేటలో మా ఆఫీసు ఫుట్‌బాల్ జట్టుకు పెనాల్టీలన్నీ యాదగిరే కొడతాడు. పోయిన వారం పంజగుట్ట చౌరస్తాలో బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ సాయంత్రం మ్యాచ్ చివర్లో మాకు పెనాల్టీ వచ్చింది. అందరం ఒకేసారి వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాం. ముందు తలెత్తింది నేనే. బంతి నా చేతిలో పెట్టారు. దాన్ని నేల మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. మైదానం గీత బయట కాలికి కట్టుతో కూర్చున్న యాదగిరి వైపు చూశాను.

"భయమైతుందా అన్నా? కండ్లు మూసుకొని కొట్టు. నేను సుత గట్లనే కొడత," అన్నాడు.

అలాగే కొట్టాను. గెలిచాం. ఇంటికొచ్చినా భయం తగ్గలేదు. ఇన్నాళ్లూ మేం నమ్ముకున్నది ఆ మూసిన కళ్లనా? ఇక అందరూ నన్ను నమ్ముకుంటారు. మీలో కళ్లు తెరుచుకుని కొట్టగలిగేవారుంటే, దయచేసి ఆదివారం మ్యాచ్‌కి రండి.