ఇల్లు అక్కడే ఉందా?

డెబ్బైల్లో మస్కట్‌లో సుల్తాను కొలువుకు సరుకు తెప్పించే జర్మన్ సేఠ్ మా పేదరికాన్ని వెక్కిరించేవాడని ఆయన గోదాములో పనిచేసే మేమంతా అనేవాళ్లం. నేనూ అన్నాను. అది తప్పు.

సెలవుకు ఊరెళ్లి తిరిగొచ్చిన ప్రతివాణ్నీ ఆయన వచ్చీరాని హిందీలో అడిగేవాడు: "ఇల్లు అక్కడే ఉందా?"

ఒకసారి, "ఏడికి పోతది సేఠ్, దానికేమన్న కాళ్లున్నయా?" అన్నాను. గోదాములో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మా ఇంటికీ లేవు. మధ్యలో గోడ ఉంది."

జర్మనీ రెండు ముక్కలై మధ్యలో గోడ కట్టారనీ, ఇల్లు గోడ అవతలే ఉండిపోయిందనీ, అక్కణ్నుంచి పారిపోయి వచ్చిన ఆయన్ని మళ్లీ అక్కడ అడుగుపెట్టనివ్వరనీ తర్వాత ఆయన డ్రైవర్ చెప్పాడు.

మరుసటి సెలవు నుంచి రాగానే, ఆయన అడగకముందే చెప్పాను: "ఉన్నది సేఠ్. వాకిట్ల జామచెట్టు గూడ ఉన్నది."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"తలుపు తీయగానే కనిపిస్తుందా?" అన్నాడు.