మీసం మింగిన సుడిగాలి

ఈ కథ ముగిసేలోగా ఒక మీసం పోతుంది, ఒక పెళ్ళి ఆగబోతుంది, నిక్షేపంగా తిరుగుతున్న ఒక పెద్దమనిషి కాలం చేస్తాడు. మూడింటికీ కారకుణ్ణి నేనే. పోలీసులకు ఫోన్ చేసేముందు కాస్త ఓపిగ్గా వినండి.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. ప్రొద్దుటూరులో కాపురం, జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం, పెదవి మీద మీసం. ఈ మూడింటిలో నేను శ్రద్ధగా చూసుకున్నది మీసాన్నే. దాని కొసల మీద నిమ్మకాయలు నిలబెట్టొచ్చని ఊరంతా అనేది. ఊరంటే నేనే.

ఆ వేసవిలో నా ఫోన్‌లోకి అమెరికా టోర్నడోలు చొరబడ్డాయి. ఆకాశం నుంచి నేలదాకా వేలాడే నల్లటి సుడిగాలి లారీలను ఊడ్చుకుపోతుంటే, బుద్ధి ఉన్నవాళ్ళంతా ఇటు పరిగెత్తుతుంటే, అక్కడ కొందరు మహానుభావులు కార్లేసుకుని దాని వైపే పోతారు. ఎందుకని అడక్కండి. ఆ ప్రశ్న అప్పుడే నేను అడిగి ఉంటే ఈ కథే లేదు. ఇడ్లీ తింటూ చూశాను, బస్సులో నిలబడి చూశాను, వారం తిరిగేసరికి నాలోని వేటగాడు నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

చిక్కల్లా ఒకటే, మనకు టోర్నడోలు లేవు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బీళ్ళలో లేచే సుడిగాలి మాత్రం ఉంది. అమెరికాది ఇళ్ళు ఎత్తుకుపోతుంది. మనది పాలిథిన్ కవర్లు, శనక్కాయ పొట్టు ఎత్తుకుపోతుంది. ఎవరి తాహతు వాళ్ళది.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. స్టాఫ్ రూములో నా వేట సంగతి ప్రకటించాను. మా తెలుగు పండితులు శేషాద్రి సారు పొడుం డబ్బా మూసి తలెత్తారు. ఆయనకూ ఒక మీసం ఉంది. నా మీసానికి జబ్బు చేసి లేస్తే అలా ఉంటుంది.

"దాని జోలికి పోవాకు మూర్తీ. సుడిగాలిలో దయ్యముంటాది."

"నేల కాలితే గాలి పైకి లేస్తుంది, లేస్తా తిరుగుతుంది. ఇది పిలకాయల పాఠం సార్."

"కాలి చెప్పు తీసి ఇసిరితే గాలి పడిపోతాది, దయ్యం కింద పడతాది. మా అవ్వ చెప్పింది."

"మీ అవ్వ ఏం చదివింది?"

"ఏం చదవల్యా. తొంభై ఏండ్లు బతికింది. నువ్వు బతుకు సూద్దాం."

వేటగాడికి పౌరుషం వచ్చింది. "సుడిగాలి నడిమధ్య నిలబడి ఇరవై లెక్కపెట్టి వస్తా. వస్తే మీరు మీసం తీయాల."

"రాకుంటే?"

"నేను తీస్తా."

గంట కొట్టాల్సిన అటెండరు గంట మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డాడు. పండితులు మాత్రం గొంతు తగ్గించారు.

"ఆలోచించుకో అప్పా. ఆదివారం పులివెందుల్లో మీ మరదలి పెళ్ళి. మీ నాయన కమలాపురంలో గుండ్రాయి మాదిరి ఉండాడు గదా."

ఆ మాటకు అర్థం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు గుండు గీయించుకుంటే "తిరుపతి పోయొచ్చినావా" అంటారు. మీసం గీయించుకుంటే "ఎప్పుడు పోయినాడు మీ నాయన" అంటారు. తండ్రి బతికుండగా మీసం తీసినవాడు పెళ్ళి పందిట్లో అడుగుపెడితే ఆ పందిరికి, ఆ తండ్రికి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తెలిసీ నవ్వాను. "మీరు మంగలికి చెప్పి పెట్టుకోండి సార్" అన్నాను.

సోమవారం స్కూటర్ మీద నేను, వెనక ఫోన్ పట్టుకుని పండితులు సాక్షిగా బయలుదేరాం. మొదటి సుడిగాలి మమ్మల్ని చూసి కంపచెట్లలోకి తప్పుకుంది. మేం తప్పుకోకుండా దాని వెంటే పోయాం. ముందు టైరులో ఏడు ముళ్ళు, వెనక టైరులో ఐదు, పండితుల పంచెలో లెక్కలేనన్ని. మంగళవారంది ఇంకా మర్యాదస్తురాలు. అర్జీ పట్టుకొచ్చిన జనాన్ని చూసి ఆఫీసరు వెనక గుమ్మంలోంచి జారుకున్నట్టు, మేం దగ్గరికి పోగానే మాయమైంది. కలవరించేంత ఎండ. ఆ ఎండలో పండితులు నా వీపుకు ఒక శతకం చెప్పారు. అందులో ఒక్క పద్యం కూడా ఇక్కడ రాయదగింది కాదు.

బుధవారం అసలుది దొరికింది. జమ్మలమడుగు దాటి మైలు దూరంలో, దున్నిన నల్లరేగడిలో, తాటిచెట్టంత ఎత్తున లేచింది. (కొబ్బరిచెట్టంత అని పండితులు అంటారు. ఆయనకు ఎప్పుడూ నా మీద అసూయే.) గుండె దడదడలాడింది. అమెరికావాళ్ళు ఇందుకే కాబోలు పోతారు అనుకున్నాను. గాలి కాసేపు ఒకచోటే నిలబడి తిరిగింది, నాకోసమే ఆగినట్టు. స్కూటర్ పడేసి పరిగెత్తి లోపలికి దూరాను.

"ఒకటి, రెండు, మూడు" అని అరిచాను. మట్టి చెవుల్లోకి పోయింది, చొక్కా తలమీదికి లేచింది, ఒళ్ళంతా పులకరించింది. ఏడు దగ్గర గాలి కదిలింది. పందెం నడిమధ్య ఉండాలని కాబట్టి నేనూ దాంతోపాటే కదిలాను. కళ్ళు మూసుకున్నవాడికి ఎటు పోతున్నాడో ఏం తెలుస్తుంది. పక్క చేన్లో మిరపకాయలు ఎండబోసిన కల్లం ఉందని నాకు పదకొండు దగ్గర తెలిసింది.

పన్నెండు అనడానికి నోరు తెరిచాను. జీవితంలో నేను తెరవకూడని నోరు అదొక్కటే. ఎండు మిరపగింజలు, పొట్టు, కారపు దుమ్ము కలిసి గొంతులోకి ఊరేగింపుగా వెళ్ళాయి. కళ్ళు, ముక్కు, చెవులు ఎవరి అరుపులు అవి అరిచాయి. నేను రెండు చేతులూ పైకెత్తి, ఎర్రగా, గిరగిరా తిరుగుతున్నాను.

కల్లానికి కావలి కూర్చున్న చెన్నమ్మవ్వకు ఆ దృశ్యం ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి. ఆమె పెద్దగా ఊహించలేదు. కాలి చెప్పు తీసి గురిచూసి విసిరింది.

చెప్పు నా నుదుటికి తగిలింది. ఆ క్షణంలోనే గాలి పడిపోయింది. నేనూ పడిపోయాను.

"ఎవర్రా నువ్వు? దయ్యమా, మనిషివా?" అంది అవ్వ, రెండో చెప్పు చేతిలో పట్టుకుని.

నేను దగ్గుతూనే ఉన్నాను. పండితులు రొప్పుతూ వచ్చారు. "మా సైన్సు సారు అవ్వా."

"సైన్సు సారుకు నా కల్లంలో ఏం పని? కాయలన్నీ తొక్కె. ముందు నా చెప్పు యాడ పడిందో ఎతికియ్యమను."

కళ్ళు తెరవలేని స్థితిలో, మిరపకాయల మధ్య మోకాళ్ళ మీద పాకుతూ, నన్ను కొట్టిన చెప్పును నేనే వెతికిచ్చాను. అప్పుడు అవ్వ నా మొహాన చెంబెడు మజ్జిగ కొట్టింది. దేవత.

"ఏ సుడిగాలైనా ఒక నిమిషంలో దానంతటదే చస్తుంది సార్" అన్నాను, గొంతు పెగిలాక. "చెప్పుకూ దానికీ సంబంధం లేదు."

పండితులు ఫోన్ చూపించారు. "చెప్పు తగిలె, గాలి పడె, దయ్యం కింద పడె. మా అవ్వ చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పిందేమో నువ్వే చెప్పు."

నేను తీయించిన వీడియోయే నాకు సాక్ష్యం కాకుండా పోయింది. జమ్మలమడుగు మంగలి పది నిమిషాల్లో పని ముగించాడు.

ఇంటికి పోతే మా ఆవిడ వసుంధర తలుపు తీసి, "సార్ ఇంట్లో లేరండీ" అంది. విషయం తెలిశాక నెత్తి కొట్టుకుంది. "ఆదివారం మా వాళ్ళంతా మామయ్యకు ఏదో అయిందనుకుంటారు."

"పెళ్ళిలో పెళ్ళికూతుర్ని చూస్తారు గానీ నా మూతి ఎవరు చూస్తారు?" అన్నాను. ఆ వారంలో నేను చెప్పిన రెండో శాస్త్రీయ సత్యం అది.

ఆదివారం పులివెందుల కళ్యాణమండపంలో అడుగుపెట్టగానే మా అత్తగారి తమ్ముడు నాగరాజు మామ ఎదురొచ్చాడు. నా మొహం చూశాడు. చెయ్యి పట్టుకుని స్తంభం పక్కకు తీసుకుపోయాడు.

"ఎప్పుడప్పా?"

మీసం గురించే అనుకున్నాను. "బుధవారం మామా."

"ఎట్ల?"

"గాలి."

"గాలా? గుండేమో అనుకున్నా."

"ఒక్క నిమిషంలో అంతా అయిపోయింది."

"పోనీలే, బాధ లేకుండా."

"బాధ ఎందుకు లేదు మామా, ఒకటే మంట."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "కార్యక్రమం యాడ చేసినారు?"

"జమ్మలమడుగులో. పది నిమిషాల్లో చేసేసినాడు."

"పది నిమిషాలా? కాలం మారిపాయె." కాసేపు నిట్టూర్చాడు. "ధైర్యంగా ఉండప్పా."

"దిగులేముంది మామా. నెల తిరిగేలోగా మళ్ళీ వచ్చేస్తుంది."

"అవునప్పా" అన్నాడు ఆయన, నా భుజం తట్టి. "నీ కడుపునే పుట్టి వస్తాడు."

"ఎవరు?" అని నేను అడిగేలోగా ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకున్నాడా, మా అత్తగారి చెవిలో వేశాడు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. వార్త వరసల వెంట పాకి పీటల దగ్గరికి చేరింది. పురోహితుడు మంత్రం ఆపి లెక్క వేశాడు. బుధవారం పోతే ఆదివారానికి పెద్దల్లుడు నిండు మైలలో ఉన్నాడు, మైలలో ఉన్నవాడు పందిట్లో తిరుగుతున్నాడు. మేళం ఆగింది. మగపెళ్ళివాళ్ళు లేచి నిలబడ్డారు. పెళ్ళికూతురు నా వైపు చూసిన చూపు ఆ మిరపకాయలకంటే ఘాటు.

"అయ్యో, మా నాయన బతికే ఉన్నాడు" అన్నాను.

"పాపం, ఇంకా నమ్మలేకుండాడు" అంది ఎవరో పెద్దావిడ.

ముహూర్తానికి పది నిమిషాలుంది. ఎంత చెప్పినా ఎవరూ నమ్మక వసుంధర ఏడుస్తోంది. నేను మా నాయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ పెళ్ళి నా మీసంతోపాటు పోయేదే. సరిగ్గా అప్పుడు, కమలాపురం బస్సు దిగి, చంకలో గొడుగు పెట్టుకుని, మా నాయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఏందప్పా, మేళం ఆగిపాయె? ఎవురన్నా పోయినారా?"

నాగరాజు మామే కాస్త ధైర్యం చేశాడు. "నువ్వే బావా."

మా నాయన అందరినీ ఒకసారి చూశాడు. తర్వాత నా మూతి చూశాడు. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసిన మనిషి, ఫైలు తెరవకుండానే సంగతి పట్టేశాడు. "ఊఁ. వాయించండి మేళం" అని ముందు వరసలో కూర్చున్నాడు. తాళి పడింది.

భోజనాల దగ్గర ఆయన పక్కన కాపలాగా కూర్చున్నాను. ఆయనకు పదేళ్ళుగా షుగరు. తీపి ముట్టనివ్వకుండా కాచే ఉద్యోగం నాదే. వడ్డించేవాడు ఓళిగల గంప పట్టుకొచ్చాడు. మామూలుగా నేను చెయ్యి అడ్డం పెట్టాను.

మా నాయన నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"చచ్చినోనికి షుగరేందిరా? వెయ్యప్పా, నాలుగు వెయ్యి. నెయ్యి యాడ?"

నాలుగూ తిన్నాడు, నన్ను చూస్తూ. ఒక్క మాట అనడానికి నాకు మూతి ఉందిగానీ మీసం లేదు.

కనుక పాఠకులారా, నెల తర్వాత తిరిగొచ్చిన మీసం మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, కంఠంలో కారం లేకుండగా, ఏ సుడిగాలినీ వెంటాడను. అదే నన్ను వెంటాడితే, సైన్సు టీచరునన్న సంగతి పక్కనపెట్టి, ముందు నా కాలి చెప్పు తీస్తాను. విసిరే ముందు మాత్రం ఒకసారి అడుగుతాను, లోపల ఎవరన్నా సార్లు ఉన్నారా అని.