పొయ్యెక్కి దిగిన మట్టి

మా మేనత్త పోయిందన్న కబురు గీదం బస్టాండులో తెలిసింది. జగదల్‌పూర్‌లో పని చూసుకుని మా గని ఊరికి తిరిగి వస్తున్నాను. బావ ఫోన్ చేసి, "అమ్మ నేదురా, బేగి రా" అన్నాడు, అంతే. బస్సు ఎప్పుడు కదులుతుందని కండక్టర్‌ను మూడుసార్లు అడిగాను. నాలుగోసారి అడక్కముందే "బైఠో భయ్యా" అన్నాడు. కూర్చోలేకపోయాను. దంతెవాడ దాకా తలుపు పట్టుకుని నిలబడే వచ్చాను.

కుదురుగా కూర్చోలేకపోవడం మా ఇంటి జబ్బు. అత్తకు అది ఇంకా ముదిరింది. మావయ్య రైల్వే ఉద్యోగం వల్ల విజయనగరం నుంచి ఈ గని ఊరికి వచ్చిన అత్త, ఆయన పోయాక గనిలోనే నమూనాల గదిలో పనికి కుదిరింది. తవ్విన ఇనుప ఖనిజంలోంచి రోజూ కొంత తెచ్చి పరీక్షకు సిద్ధం చేసే గది అది. ఖనిజాన్ని కుప్పగా పోసి, అణిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు ఉంచుకుని మిగతావి తీసేస్తారు. రిటైరయ్యాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. చేటలో కందిపప్పు పోసినా నాలుగు భాగాలయ్యేది. రెండు భాగాల్లోనే రాళ్లు వెతికి, "ఇందల నేకపోతే అందలా నేవు" అని తేల్చేసేది. ఆ లెక్కను నమ్మి నేను రెండుసార్లు పన్ను నొప్పి పడ్డాను.

ఖనిజం ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి జారే ఇనుప దోవను మేం చూటు అంటాం. వానాకాలంలో అది పూడుకుపోతుంది. అప్పుడు నలుగురు గడ్డపారలతో పైకెక్కి పొడవాలి. ఆ నలుగురిలో మా బావ ఒకడు. కిందటేడు వానల్లో జారిపడి మోకాలు చితక్కొట్టుకున్నాడు కూడా. ఆ తర్వాతే, కొత్త చూటు ఎంత ఏటవాలుగా ఉండాలో కంప్యూటర్లో తేల్చమని గని ఆఫీసులో పనిచేసే నాకు అప్పజెప్పారు. ఒక్కో ఖనిజపు ముక్కనీ ఒక్కో గుండుగా మార్చి, వేల గుండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఎలా జారతాయో లెక్కకట్టాలి.

మొదటి వారం గుండ్లన్నీ పేలిపోయాయి. లెక్క మొదలవగానే తెర నిండా చిమ్ముకుపోయేవి. భోజనానికి అత్త ఇంటికి లాప్‌టాప్ పట్టుకెళితే, వాటిని ఎలా పెట్టావని అడిగింది. చోటు చాలక ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకునేలా కుక్కానని ఒప్పుకున్నాను. కుక్కితే తన్నుకోవా మరి, పైనుంచి కొంచెం కొంచెం పొయ్యమంది. పోశాను, పేలడం ఆగింది. తర్వాత గుండ్లు ఇనుప గోడల్లోంచి దూరి అవతల పడసాగాయి. లెక్కకూ లెక్కకూ మధ్య కాలం ఎక్కువ పెట్టేశాను, గుండు గోడను తాకిన క్షణాన్ని కంప్యూటరు చూడనే లేదు. ఆ సంగతి రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాక తట్టింది. "బేగి సేసిన పని రెండుసార్లు సెయ్యాల" అంది అత్త. తను మాత్రం జన్మలో ఏ పనీ నెమ్మదిగా చేసి ఎరగదు.

చివరికి అంతా చక్కగా జారింది. వాలు ఇప్పుడున్నంతే చాలని రిపోర్టు ఇచ్చేశాను. ఇచ్చాక గుబులు పట్టుకుంది. పాత చూటును కూడా లెక్కలో పెట్టి చూశాను. ఏటా పూడుకుపోయే ఆ చూటు నా తెర మీద ఒక్కసారి కూడా పూడలేదు. గుండ్లు పేలితే తప్పు జరిగిందని తెలుస్తుంది. బుద్ధిగా జారిపోతే ఎక్కడని వెతకను? అత్తకు చెప్పాను. గుండ్ల రాపిడి లెక్క ఎక్కడిదని అడిగింది. నమూనాల గదిలోంచి ఖనిజం తెచ్చి, కుప్ప పోసి, ఆ కుప్ప వాలు కొలిచానన్నాను. చేటలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అది పొయ్యెక్కి దిగిన మట్టి కాదేటిరా?"

ఆ గదిలోకి ఏ ఖనిజం వచ్చినా ముందు వేడి పెట్టెలో ఆరబెడతారు. అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ డబ్బా మీద రాయరు. చిన్నప్పటినుంచి అత్త నోట వింటున్న నాకూ తెలుసు. తెలిసి కూడా, ఆరిన మట్టితో వానాకాలాన్ని కొలిచాను.

మర్నాడు బెల్టు కింద రాలిన సన్నపొడి తెప్పించింది. సగం ఎండబెట్టింది, సగం తడిపింది. రెండు గిన్నెల్లో కూరి పెరట్లో బోర్లించింది. పొడిది కూలబడింది. తడిది గిన్నె ఆకారంలోనే నిలబడింది. "ఆరినప్పుడు అందరూ మంచోలేరా, తడిసినప్పుడు సూడాల" అంది, మట్టి గురించో మనుషుల గురించో చెప్పలేదు.

రిపోర్టు ఇచ్చేశాననీ, వెనక్కి తీసుకుంటే ఆఫీసులో నవ్వుతారనీ గొణిగాను.

"నవ్వితే నవ్వుతారు. ఆ సూటెక్కేది నీ గోలీలు కాదురా అల్లుడూ, నీ బావ."

వెళ్లి తీసుకున్నాను. నవ్వారు. పెరట్లో నిలబడ్డ ఆ మట్టి కంప్యూటర్లో కూడా నిలబడేదాకా గుండ్లకు అతుకుడు పెంచుకుంటూ పోయాను. ఆ లెక్కతో పాత చూటు తెర మీద పూడుకుపోయిన రోజు పండగ చేసుకున్నాం. వాలు పెంచి, లోపల నున్నటి పలకలు వేసిన కొత్త చూటును ఎండాకాలంలో బిగించారు. అదే ఎండల్లో అత్త గుండె ఆగిపోయింది. పెద్దకర్మ నాడు అందరూ ఆమె గురించి మాట్లాడుకుంటుంటే నేను మబ్బుల కోసం చూశాను. సిగ్గేసినా చూపు తిప్పుకోలేకపోయాను.

నాలుగు రోజులకు వాన దిగింది. తడుస్తూనే ప్లాంటుకు పరిగెత్తాను. ఎర్రటి బురద ఖనిజం చూటులో పడుతోంది. గంటసేపు దాని చప్పుడు వింటూ అటూ ఇటూ తిరిగాను. చప్పుడు మారలేదు, ఖనిజం ఎక్కడా ఆగలేదు. అత్త ఇది చూడకుండా పోయిందని ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. షెడ్డులో బావా, మిగతా ముగ్గురూ పిలుపు కోసం బల్ల మీద కూర్చుని ఉన్నారు. పిలుపు రాలేదు, టీ వచ్చింది. ఇన్నేళ్ల వానల్లో వాళ్లు పైకెక్కి దిగొచ్చి చల్లారిన టీయే తాగారు. బావ అలవాటుగా ఒక్కసారే పెద్ద గుక్క మింగబోయి నాలుక కాల్చుకున్నాడు. గ్లాసు కింద పెట్టి, పైకి ఒకసారి చూసి, మళ్లీ తీసుకుని ఊదుకోసాగాడు.